సున్నపుకట్టు చెప్పిన పాఠం



పట్టుబట్ట ఎరగనివారు మనలో లేరు. కొండమీద స్వామివారికి కట్టేది పట్టు, పెళ్ళిపీటల మీద పెళ్ళికూతురు కట్టేది పట్టు. ఆ పట్టు ఒక పురుగు నోటినుంచి వచ్చే దారం అని కూడా మీరు పాఠాల్లో చదువుకునే ఉంటారు. అయితే ఆ పురుగు చచ్చి సున్నపుముక్కలా గట్టిపడితే, దాన్ని ఏరి ఎండబెట్టి చర్మవ్యాధులకు మందుగా అమ్మే దేశం ఒకటి ఉన్నది. అదే పురుగు తన తట్టలో కనబడితే మన చిత్తూరు జిల్లా రైతుకు గుండె గుభేలుమంటుంది. అంతకన్న వింత మరొకటి ఉన్నది. మన ఒంటిమీద వచ్చే తామర అసలు ఏమిటో మనుషులకు మొదట తెలిసింది ఈ చచ్చిన పురుగు మూలాననే. ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

పలమనేరు, కుప్పం, వి.కోట ప్రాంతాలు సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైగా ఎత్తున ఉన్నాయి. తిరుపతిలో మాడు పగిలే ఎండ కాస్తున్నప్పుడు కూడా అక్కడ కాస్త చల్లగానే ఉంటుంది. అందుచేత అక్కడ మల్బరీ తోటలు బాగా పెరుగుతాయి, పట్టుపురుగులు హాయిగా బతుకుతాయి. ఆ ఊళ్ళలో ఏ రైతునయినా పలకరించండి. "వంద గుడ్లు మేపుతున్నా" అంటాడు. వంద గుడ్లంటే వంద పురుగులే అనుకునేరు! ఒక తల్లిచిలుక ఒక విడతకు 400 నుంచి 500 గుడ్లు పెడుతుంది. ఆ విడత మొత్తాన్ని రైతు ఒక గుడ్డుగా లెక్క వేస్తాడు. మరి వంద గుడ్లంటే ఎన్ని పురుగులో మీరే గుణించుకోండి. నలభై, యాభై వేల నోళ్ళు రాత్రీ పగలూ ఆకు నములుతూ ఉంటాయన్న మాట. పురుగుల ఇంట్లో నిలబడి చెవి ఒగ్గితే సన్నగా చినుకులు పడుతున్న చప్పుడు వినిపిస్తుంది.

గుడ్డులోనుంచి వచ్చిన పురుగు అర మిల్లీగ్రాము కూడా తూగదు. పాతిక రోజుల్లో అది దాదాపు పదివేల రెట్లు పెరుగుతుంది. చొక్కా ఇరుకయినప్పుడు మీరు కొత్తది కుట్టించుకున్నట్టే, పురుగు తన చర్మాన్ని నాలుగుసార్లు విడిచి కొత్త చర్మం తొడుగుకుంటుంది. చర్మం విడిచే ముందు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉంటుంది. దానిని మన రైతులు "జ్వరం" అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్క. ఇది రోగం కాదు, ఎదుగుదల. నాలుగో జ్వరం లేచిన తరవాత తిన్న ఆకే మొత్తం మేతలో నూటికి ఎనభై పాళ్ళు ఉంటుంది. అంటే రైతు ఖర్చూ శ్రమా అంతా ఆ చివరి వారంలోనే పడతాయి. తరవాత పురుగును చంద్రికల మీదికి ఎక్కిస్తే అది తన చుట్టూ గూడు అల్లుకుంటుంది. మంచి జాతి గూడు ఒక్కదానిలో ఉండే దారం కిలోమీటరు పొడవు ఉండవచ్చు.

సరిగ్గా ఆ చివరి వారంలోనే, వానలు పట్టిన కార్తీక మార్గశిర మాసాలలో, ఒక ఆపద వచ్చిపడుతుంది. నాకు తెలిసిన ఒక రైతు, నా పాత విద్యార్థి తండ్రి, దాన్ని ఇట్లా చెప్పాడు: "అయివారూ, రాత్రి ఆకు ఏసేటప్పుడు బాగానే ఉన్నాయి. పొద్దున లేసి చూస్తే మేత ముట్టలా. రెండు దినాలకంతా కొయ్యబారినాయి. మూడోనాటికి తట్టంతా సున్నం జల్లినట్టు తెల్లగా! ఇంట్లోవాళ్ళందరం నెలపాటు పడిన పాటు బూడిదలో పోసినట్టయింది." దాని పేరు సున్నపుకట్టు రోగం.

ఇది ఎట్లా వస్తుంది? ఒకరకం బూజు మూలాన వస్తుంది. బూజు విత్తనాలు కంటికి కనబడనంత చిన్నవి, గాలిలో తేలుతూ ఉంటాయి. చలీ తేమా ఎక్కువగా ఉన్నప్పుడు అవి పురుగు చర్మంమీద పడి మొలకెత్తుతాయి. మొలక చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. పురుగు ఒంట్లోని రసాన్ని పీల్చి, లోపలంతా దారాలు దారాలుగా అల్లుకుపోతుంది. పురుగు చచ్చి గట్టిపడుతుంది. అప్పుడు బూజు మళ్ళీ చర్మం బయటికి వచ్చి తెల్లని పిండిలా పూస్తుంది. ఆ పిండి అంతా విత్తనాలే. ఒక పురుగు తెల్లబడిందంటే తట్టలోని మిగతా పురుగులకు గండం వచ్చినట్టే. అందుకే తెలిసిన రైతు చచ్చిన పురుగును తెల్లబడకముందే ఏరి కాల్చేస్తాడు, లేదా దూరంగా గొయ్యి తీసి పూడ్చేస్తాడు. పురుగుల ఇంటిని బ్లీచింగ్ పొడి నీళ్ళతో కడుగుతాడు. తట్టల్లో సున్నపుపొడి చల్లి తేమ తగ్గిస్తాడు. చేతులు కడుక్కోనిదే లోపల కాలు పెట్టడు, ఎవరినీ పెట్టనివ్వడు.

ఇక చైనా సంగతి వినండి. పట్టు పుట్టిల్లు ఆ దేశమే. అక్కడ ఈ తెల్లబడిన పురుగును పారేయరు. దాని పేరు "బైజ్యాంగ్‌త్సాన్", అంటే "తెల్లగా బిగుసుకున్న పట్టుపురుగు" అని అర్థం. సుమారు రెండువేల సంవత్సరాలనాటి మందుల గ్రంథంలోనే దానిని చేర్చారు. ముఖంమీది నల్లమచ్చలు పోగొడుతుందని రాశారు. ఒంటి దురదకు, దద్దుర్లకు, గొంతు వాపుకు, మూర్ఛకు కూడా వాడుతూ వచ్చారు. లీ షిజెన్ అనే వైద్యుడు 1578లో ముగించిన మహాగ్రంథంలో 1892 రకాల మందుదినుసులను వర్ణించాడు. ఆయన పోయిన తరవాత 1596లో అది అచ్చయింది. అందులో పురుగులకు ప్రత్యేకంగా ఒక భాగమే ఉన్నది. చెట్లమీద గీ అని అరిచే కీచురాయి విడిచిన పొరను కూడా దురదకు మందుగా వాడతారు. ఇప్పుడు చైనాలో ఈ తెల్ల పురుగుకు గిరాకీ ఉండటంవల్ల, పట్టుపురుగులమీద కావాలనే బూజు విత్తనాలు చల్లి, చచ్చినవాటిని ఎండబెట్టి, తవుడుతో వేయించి అమ్ముతారు. మనవాళ్ళు నిప్పుల్లో వేసేదాన్ని వాళ్ళు కొట్లో తూకం వేస్తారన్న మాట!

"అయితే ఆ మందు పని చేస్తుందా?" అని మీరు అడగాలి. అడగనివాడు విద్యార్థి కాడు. ఆ బూజులో ఉండే కొన్ని పదార్థాలు ప్రయోగశాలలో కొన్ని క్రిములను చంపిన మాట నిజమే. కాని గాజుపళ్ళెంలోని క్రిమి వేరు, మనిషి ఒంటిమీది పుండు వేరు. వేడి నిప్పు కూడా క్రిములను చంపుతుంది, అట్లాగని పుండుమీద నిప్పు పెట్టం గదా! మనుషుల చర్మవ్యాధులమీద ఇది గట్టి రుజువులున్న మందుగా నిలవలేదు.

"మా మామకు వాడితే తగ్గింది" అని ఒకరంటారు. అది అబద్ధం కాకపోవచ్చు. కాని చాలా సెగ్గడ్డలు వాటంతట అవే పగిలి మానిపోతాయి. వాడనివారికి కూడా అన్ని రోజుల్లోనే తగ్గి ఉండేదేమో! అందుకని శాస్త్రజ్ఞులు ఒకేరకం రోగం ఉన్నవారిని రెండు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టుకు కొత్త మందు, రెండో జట్టుకు మామూలు మందు ఇచ్చి, ఎవరికి ఎన్నాళ్ళలో తగ్గిందో రాసుకుంటారు. గొప్ప గొప్ప మాటలన్నీ ఆ లెక్క ముందు నిలబడవలసిందే.

ఇప్పుడు చైనానుంచి ఇటలీకి పోదాం. అక్కడ కూడా పట్టురైతులున్నారు, వారికీ ఈ రోగం వచ్చింది. వారు దాన్ని "కాల్చినో" అన్నారు. ఆ మాట వారి భాషలో సున్నం అనే మాటనుంచే పుట్టింది. చూశారా, మన పలమనేరు రైతూ ఇటలీ రైతూ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే పేరు పెట్టారు!

ఈ రోగం చెడుగాలివల్ల వస్తుందని కొందరు, చెడు ఆకువల్ల అని కొందరు, దానంతటదే పుడుతుందని కొందరు వాదించుకునేవారు. లోడీ పట్టణం దగ్గర 1773లో పుట్టిన అగొస్తీనో బాసీ అనే ఆయన న్యాయశాస్త్రం చదువుకున్నవాడు. 1807లో ఈ రోగం సంగతి తేల్చాలని పూనుకున్నాడు. మొదట ఆయన కూడా అది దానంతటదే పుడుతుందనే అనుకున్నాడు. పురుగులకు రకరకాల మేతలు పెట్టాడు, విషాలు పెట్టాడు. పురుగులు చచ్చాయి గాని ఒక్కటీ సున్నంలా తెల్లబడలేదు. ఏళ్ళు గడిచాయి, కంటిచూపు మందగించింది. అయినా విడిచిపెట్టలేదు. చివరకు తెల్లబడిన పురుగుమీది పిండిని సూదిమొనతో తీసి ఆరోగ్యంగా ఉన్న పురుగుకు అంటించాడు. అదీ అట్లాగే చచ్చి తెల్లబడింది. దానినుంచి ఇంకొకదానికి అంటించాడు. అదీ అంతే. ఇది చెడుగాలీ కాదు, శాపమూ కాదు, ఒకదానినుంచి మరొకదానికి అంటుకునే ప్రాణమున్న బూజు అని 1835లో పుస్తకం రాసి ప్రకటించాడు. ఒక సూక్ష్మజీవి ఒక జంతువుకు రోగం తెస్తుందని ప్రయోగం చేసి రుజువు చేసిన మొదటివాడు ఆయనే. పాస్టర్, కోఖ్ అనే మహాశాస్త్రజ్ఞులు పేరు తెచ్చుకున్నది ఆ తరవాతనే. ఆ బూజుకు ఇప్పుడు "బవేరియా బాసియానా" అని పేరు. అందులో బాసీ పేరు ఉన్నది.

బాసీ పుస్తకం సంగతి స్విట్జర్లండులోని జూరిక్ నగరంలో షోన్‌లైన్ అనే వైద్యుడికి తెలిసింది. ఆయన దగ్గరికి తలమీద పసుపుపచ్చని పెచ్చులు కట్టే చర్మరోగంతో రోగులు వచ్చేవారు. పురుగు చర్మంమీద బూజు పట్టినట్టే మనిషి చర్మంమీద కూడా పడుతుందేమో అని ఆయనకు తట్టింది. పెచ్చు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. బూజు దారాలు కనిపించాయి! ఇది 1839 నాటి మాట. తరవాత నాలుగైదు ఏళ్ళలో పారిస్ నగరంలో గ్రూబీ అనే మరొక వైద్యుడు ఆ బూజును తీసి ఆరోగ్యంగా ఉన్న చర్మానికి అంటించి, రోగం అట్లాగే వస్తుందని చూపించాడు. మన తామర కూడా ఆ కుటుంబంలోని బూజుల పనే.

కాబట్టి పట్టుపురుగు చర్మవ్యాధులకు చేసిన పెద్ద ఉపకారం చైనావారి తూకంలో దొరికే మందు కాదు. తామర అంటే ఏమిటో తెలియజెప్పటమే దాని ఉపకారం.

తెలియటంవల్ల ఏం లాభమంటారా? నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఏడో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. నడివేసవిలో కూడా నిండు చేతుల చొక్కా తొడుక్కుని వచ్చేవాడు. బల్లమీద వాడి పక్కన ఎవరూ కూర్చునేవారు కారు. ఏమిటా అని చొక్కా పైకి మడిపించి చూస్తే మోచేతిమీద గుండ్రంగా తామర. ఇంట్లో తెలిస్తే తిడతారని దాచుకున్నాడట. చెమటపట్టిన చొక్కా కింద అది ఇంకా విస్తరించింది. ఆ రోజు తరగతిలో గణితం ఆపి బాసీ కథ చెప్పాను. తామర పాపంవల్ల రాదు, అది బూజు. బూజుకు తడి కావాలి. తడి లేకుండా చేస్తే, మందు రాస్తే, పోతుంది. ఒకరి తువ్వాలు మరొకరు వాడకపోతే పక్కవాడికి పాకదు. వాడిని వెక్కిరించినంత మాత్రాన ఎవరికీ రాకుండా పోదు. మరునాడు వాళ్ళ నాన్న వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయాడు. పరీక్షలనాటికి వాడు పొట్టిచేతుల చొక్కా తొడుక్కుని వచ్చాడు.

ఇక్కడ పెద్దలకు ఒక మాట. తామరకు మందుల షాపులో ఏదో ఒక పూతమందు అడిగి తెచ్చి రాయకండి. చాలా పూతమందులలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది రాసిన రెండు రోజులకే దురదా ఎరుపూ తగ్గిపోతాయి. రోగం పోయిందనుకుంటాం. కాని లోపల బూజు చావదు, మందు మానగానే ఇంకా పెద్దదై తిరిగి వస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో మన దేశమంతటా మొండి తామర ప్రబలటానికి ఇది ఒక ముఖ్యమైన కారణమని చర్మవైద్యులు చెబుతున్నారు. వైద్యుడికి చూపించి, ఆయన చెప్పినన్ని వారాలూ, మచ్చ కనబడకపోయినా సరే, మందు రాయాలి. బట్టలు ఎండలో బాగా ఆరనివ్వాలి. ఇంట్లో మరెవరికైనా ఉంటే వారికి కూడా అదే సమయంలో వైద్యం చేయించాలి. సున్నపుకట్టు పడితే రైతు ఒక్క తట్టను కడిగి ఊరుకోడు గదా, ఇల్లంతా కడుగుతాడు!

పురుగులనుంచి మందులే రావా అంటే, వస్తాయి. పరీక్షకు నిలిచిన రెండింటిని చెబుతాను.

మన కందిచేలలో, బెండతోటలలో పూలు తింటూ, నల్లని ఒంటిమీద నారింజరంగు పట్టీలున్న పెంకుపురుగు కనిపిస్తుంది. దాన్ని చేత్తో నలిపితే చర్మంమీద బొబ్బలు లేస్తాయి. దాని రసంలోని కాంతారిడిన్ అనే విషం ఆ పని చేస్తుంది. దీని దాయాదులను కూడా చైనావారు రెండువేల ఏళ్ళనాడే మందుల్లో చేర్చారు. ఇప్పుడు ఆ కాంతారిడిన్‌ను కొలతప్రకారం, నూటికి ముప్పాతిక పాలుకు కొంచెం తక్కువగా కలిపి తయారుచేసిన ద్రవాన్ని, పిల్లల చర్మంమీద ముత్యాల్లా లేచే ఒకరకం అంటుపొక్కులకు మందుగా వాడటానికి 2023లో అమెరికాలో అనుమతి లభించింది. దానిని వైద్యులే పొక్కుమీద ఒక బొట్టు అంటిస్తారు, తరవాత కడిగివేయాలి. పొలంలోని పురుగును మాత్రం ముట్టుకోవద్దు, నోటి దగ్గరికి అసలే పోనివ్వవద్దు. మింగితే ప్రాణం తీసే విషం అది.

రెండోది తేనె. శేషాచలం కొండల్లో యానాదులు తరతరాలుగా తేనె పడుతున్నారు. సుశ్రుత సంహితలో గాయాలకు తేనె, నెయ్యి చెప్పారు. తేనెలోని చక్కెర పుండులోని నీటిని లాగేస్తుంది, క్రిమి నీరు లేక చస్తుంది. తేనె పుల్లదనమూ క్రిములకు గిట్టదు. పైగా తేనెటీగ అందులో కలిపే ఒక పదార్థంవల్ల నెమ్మదిగా హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుంది, అదీ క్రిములను చంపుతుంది. సోలాపూరులో డాక్టరు ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది కాలినగాయాల రోగులను రెండు సమాన జట్లుగా చేసి, ఒక జట్టుకు తేనె, మరొక జట్టుకు వాడుకలో ఉన్న వెండిమందు రాసి, ఫలితాలను 1991లో ప్రకటించారు. తేనె రాసిన గాయాలలో నూటికి 87 పదిహేను రోజులలో మానాయి. రెండో జట్టులో 10 మాత్రమే మానాయి. 2007లో అమెరికాలో శుద్ధి చేసిన తేనె పట్టించిన కట్లకు అనుమతి వచ్చింది. శుద్ధి చేసినది అన్నాను, జ్ఞాపకం ఉంచుకోండి! వంటింటి సీసాలోని తేనె పుండుకు రాయకూడదు. ఏడాది నిండని పసిపాపలకు తేనె నాకించనే కూడదు.

చేసి చూడండి: రెండు చపాతీ ముక్కలు తీసుకోండి. ఒకటి ఎండలో పెళపెళలాడేట్టు ఎండబెట్టండి. రెండోదానిమీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించండి. రెండింటినీ వేరువేరు గాజుసీసాలలో వేసి మూత బిగించి, నీడలో పెట్టండి. రోజూ ఒకే వేళకు చూసి, కనిపించినది నోటుపుస్తకంలో తేదీతో రాయండి, బొమ్మ కూడా వేయండి. వారం తరవాత మూత తీయకుండానే పెద్దవాళ్ళకు ఇచ్చి పారవేయించండి. ఏ ముక్కకు బూజు పట్టిందో చూస్తే, స్నానం చేశాక వేళ్ళ సందులు తుడుచుకోమని అమ్మ ఎందుకు చెబుతుందో తెలిసిపోతుంది.

ఈ నెల ప్రశ్న: సున్నపుకట్టు బూజుకు పాతిక డిగ్రీల వేడి బాగా సరిపడుతుంది. మన ఒంటి లోపలి వేడి 37 డిగ్రీలు. తట్టలు కడిగే రైతు చేతికి రోజూ ఆ బూజు అంటుతున్నా, పురుగుకు వచ్చిన రోగం అతనికి సాధారణంగా ఎందుకు రాదు? ఆలోచించి, మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి. జవాబు వచ్చే నెల చెప్పుకుందాం.